డబ్బాలో వేరుశనగ గుళ్ళు పైకి ఎలా వస్తున్నాయి?

కోనసీమ_వంటిల్లు | సోమవారం, రాత్రి 9.15

అందరికీ నమస్కారమండి. అమలాపురంలో ఇంటి దగ్గరే పిండివంటలు చేసి కొట్లకి వేస్తుంటాను. నా మిక్చర్‌లో కారప్పూస, బూందీ, వేయించిన అటుకులు, పుట్నాలపప్పు, వేరుశనగ గుళ్ళు, కొంచెం జీడిపప్పు ఉంటాయి. పెద్ద పళ్ళెంలో చేత్తో బాగా కలిపి, 15 కిలోల నూనె డబ్బాల్లో పోసి ఆటోలో కాకినాడ పంపిస్తాను. ఒక్కో డబ్బాలో 5 కిలోల మిక్చర్ పోస్తాను.

పోయిన వారం అక్కడి కొట్టాయన ఒకరు ఫోన్ చేసి చాలా మాటలన్నారు. పైన గుళ్ళూ జీడిపప్పూ పరిచి, అడుగున కారప్పూస తుంపులూ పొడీ పోసి మోసం చేస్తున్నానట. అడుగుది కొన్నవాళ్ళు ఉప్పు కషాయం అంటున్నారట. నేను అలాంటి పని ఎప్పుడూ చెయ్యలేదు. రెండు రాత్రులు సరిగ్గా నిద్ర పట్టలేదు.

తర్వాత ఒక డబ్బా కదపకుండా ఇంట్లోనే ఉంచాను. నాలుగు రోజులైనా కలిపింది కలిపినట్టే ఉంది. ఆటోలో కాకినాడ వెళ్ళి తిరిగొచ్చిన డబ్బా మాత్రం అచ్చం ఆయన చెప్పినట్టే ఉంది. అంటే దారిలోనే ఏదో జరుగుతోంది. కుదిపితే బరువైనవి కిందకి పోవాలి కదండీ, గుళ్ళు పైకి ఎందుకు వస్తున్నాయి? ఆయనకి అర్థమయ్యేలా చెప్పాలి, నేను డబ్బా సర్దే పద్ధతి కూడా మార్చుకోవాలి. తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి.

నానమ్మ_చేట | సోమవారం, రాత్రి 9.50

అక్కా, మీ తప్పు లేదని నాకు చదవగానే తెలిసింది. మా నానమ్మ బియ్యం బాగుచెయ్యడం చిన్నప్పటి నుంచీ చూశాను. చెరగడం వేరు, నేమడం వేరు. చెరిగితే ఊక, తాలు గాలికి ముందుకి ఎగిరిపోతాయి. నేమేటప్పుడు చేటని ఎగరెయ్యదు, రెండు చేతులతో పట్టుకుని పక్కలకి గుండ్రంగా ఊపుతుంది. కాసేపటికి బియ్యంలో ఉన్న వడ్ల మెరికలు వాటంతటవే పైకి తేలతాయి, చేత్తో ఏరి పారేసేది. నూక కిందకి దిగిపోతుంది. మెరిక బియ్యపు గింజ కంటే పెద్దది. మీ గుళ్ళు కూడా అంతే. కారణం మాత్రం నాకు తెలియదు, నానమ్మ చేతులకి తెలుసు.

మిర్యాలగూడ_మిల్లు | మంగళవారం, ఉదయం 7.30

నేను రైస్ మిల్లులో పని చేస్తా. మా దగ్గర డీస్టోనర్‌లో (బియ్యంలోంచి రాళ్ళు వేరుచేసే యంత్రం) రాళ్ళు కిందనే ఉంటాయి, బియ్యం పైన పోతాయి. బరువు కిందకి, తేలిక పైకి, రోజూ చూసేది ఇదే. పల్లీలు పైకి వస్తున్నాయంటే పల్లీ తేలికగా ఉండి ఉండాలి. ఎక్కువ వేయిస్తున్నారేమో చూడండమ్మా.

గుంటూరు_లెక్చరర్ | మంగళవారం, ఉదయం 8.10

వేయించడం వల్ల కాదు లెండి. నేను డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. దీనికి బ్రెజిల్ నట్ ప్రభావం అని పేరు. పలురకాల పప్పులు కలిపిన డబ్బాలో అన్నిటికంటే పెద్దవైన బ్రెజిల్ నట్స్ ఎప్పుడూ పైనే కనిపిస్తాయి, అందుకే ఆ పేరు. 1987లో ఆంథోనీ రొసాటో, ఆయనతో పనిచేసినవాళ్ళు కంప్యూటర్ మీద లెక్కకట్టి చూపించారు. కుదుపు వచ్చిన ప్రతిసారీ గింజలన్నీ కాస్త లేస్తాయి. పెద్ద గింజ కింద చిన్న సందు ఏర్పడుతుంది. ఆ సందులోకి చిన్న గింజలు జారిపోతాయి. పెద్దది తిరిగి తన పాత చోటికి దిగాలంటే కింద చాలా చిన్నవి ఒకేసారి తప్పుకోవాలి, అది జరగదు. అలా మెట్టు మెట్టుగా పైకి వస్తుంది. బరువుతో పెద్దగా పని లేదు, సైజుతోనే పని.

ఇంట్లో చూడాలంటే బియ్యం గ్లాసు అడుగున ఒక గోలీ పెట్టి, బల్ల మీద తడుతూ ఉండండి.

ఇసుకరేణువు | మంగళవారం, ఉదయం 11.40

మాష్టారూ, మీరు చెప్పింది నిజమే కానీ అది సగం కథ. నేను గింజల కదలిక మీదే పీహెచ్‌డీ చేస్తున్నాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

1993లో చికాగో విశ్వవిద్యాలయంలో జేమ్స్ నైట్, హైన్రిక్ జేగర్, సిడ్నీ నేగెల్ ఒక పని చేశారు. గాజు పూసలు నింపిన గొట్టంలో ఒక వరస పూసలకి రంగు వేసి, కింద నుంచి ఒక్కొక్క దెబ్బగా తట్టారు. రంగు పూసలు మిగతావాటి సైజే. సందుల్లోంచి జారడమే కారణమైతే అవి ఎటూ పోకూడదు. కానీ పోయాయి! మధ్యలో ఉన్న రంగు పూసలు పైకి లేచాయి, పైకి చేరి గోడల వైపు పరుచుకున్నాయి, గోడ వెంబడి సన్నటి పొరలో కిందకి దిగాయి, అడుగున మళ్ళీ మధ్యకి వచ్చాయి. పొయ్యి మీద ఎసరు మరిగేటప్పుడు నీళ్ళు తిరుగుతాయి చూశారా, అలాగ. అక్కడ తిప్పేది వేడి, ఇక్కడ కుదుపు.

పెద్ద పూసని అడుగున పెడితే అది కూడా ఆ మధ్య ప్రవాహంలోనే పైకి వచ్చింది. దాని పక్కన ఉన్న చిన్న రంగు పూసలు ఎంత వేగంతో లేచాయో అదీ అంతే వేగంతో లేచింది. తేడా పైకి వచ్చాకే. గోడ పక్క దిగే పొర చాలా సన్నం, చిన్నవి అందులో పడతాయి, పెద్దది పట్టదు. అందుకే పైన ఇరుక్కుపోతుంది.

కోనసీమ_వంటిల్లు | మంగళవారం, మధ్యాహ్నం 2.05

అందరికీ చాలా థ్యాంక్స్ అండి. మా ఇంట్లోవాళ్ళకి చదివి వినిపించాను. ఒకటి అర్థం కాలేదు. మరిగే నీళ్ళు వేడికి తిరుగుతాయి సరే. డబ్బా పైకీ కిందకీ సమానంగా ఊగుతుంది కదా, పైకి ఎంత లేస్తే కిందకి అంతే దిగాలి. గోడ పక్కవి కిందకే ఎందుకు పోతాయి?

ఇసుకరేణువు | మంగళవారం, రాత్రి 8.20

అసలు ప్రశ్న అదే అండి, చాలా బాగా అడిగారు.

ఆటో గుంతలో పడింది అనుకోండి. డబ్బా చటుక్కున కిందకి పోతుంది, లోపలి సరుకు అంత తొందరగా పోలేదు, క్షణం పాటు గాల్లో ఉంటుంది. డబ్బా కదలిక వేగంగా మారి, ఆ మార్పు భూమ్యాకర్షణ త్వరణం (సెకనుకి సెకనుకి 9.8 మీటర్లు) దాటితేనే ఇది జరుగుతుంది. నున్నటి రోడ్డు మీద నెమ్మదిగా ఎంతసేపు ఊగినా పెద్దగా ఏమీ కాదు, గట్టి కుదుపు కావాలి.

సరుకు గాల్లో ఉన్నప్పుడు గోడలు దాని పక్కనుంచి కిందకి పోతున్నాయి. గోడకి తగిలిన గింజల్ని ఆ గరుకు పట్టుకుని తనతో కిందకి లాగుతుంది. మధ్యలో గింజలకి ఆ లాగుడు లేదు. పైగా ఆ క్షణంలో సరుకంతా వదులుగా ఉంటుంది కాబట్టి గోడ పక్కవి మధ్యవాటిని వదిలి జారగలవు. తర్వాత సరుకు అడుగుకి తగిలి బిగుసుకుంటుంది. బిగుసుకున్నాక ఒకదాని పక్కనుంచి ఒకటి జారడం కష్టం, గోడ పక్కవి తిరిగి పైకి పోలేవు. వదులుగా ఉన్నప్పుడు కిందకి దిగాయి, బిగుసుకున్నాక అక్కడే ఆగాయి. పైకీ కిందకీ సమానం కాకపోవడానికి కారణం ఇదే. ఒక కుదుపులో వెంట్రుకవాసి తేడా వస్తుంది. కాకినాడ దాకా ఎన్ని కుదుపులో మీరే చెప్పాలి.

మీరు కంటితో చూడాలనుకుంటే పసుపు కలిపిన బియ్యం, అదే మన తలంబ్రాల బియ్యం, బాగా ఆరబెట్టి వాడండి. నిలువు గోడల గాజు సీసాలో మామూలు బియ్యం పోసి, మధ్యలో అంగుళం మందాన పసుపు బియ్యం, పైన మళ్ళీ తెల్ల బియ్యం. మడత పెట్టిన దుప్పటి మీద పెట్టి టప్ టప్ అని తట్టండి. గోడ నున్నగా ఉంటే ఆలస్యం అవుతుంది. సీసా లోపలి గోడకి గరుకు కాగితం అంటిస్తే తొందరగా తెలుస్తుంది.

పొలంగట్టు | మంగళవారం, రాత్రి 10.45

చదువుతుంటే మా కళ్ళం గుర్తొచ్చింది. మాది అనంతపురం జిల్లా, వేరుశనగ రైతులం. ఒక సంగతి చెప్తాను, మీకు పనికొస్తుంది. కాయలు కుప్ప పోసేటప్పుడు చూడండి, పెద్ద కాయలు దొర్లుకుంటూ కుప్ప అంచులకి చేరతాయి, చిన్నవీ మట్టీ కుప్ప నడుమనే నిలిచిపోతాయి. వ్యాపారి అంచున చెయ్యి పెట్టి చూస్తే సరుకు బ్రహ్మాండంగా కనిపిస్తుంది, నడుమ గుచ్చి తీస్తే వేరేగా ఉంటుంది. ఇందులో మోసం ఏమీ లేదు, పోసిన తీరు అంతే. మేం కూడా ఇలాంటి మాటలు పడ్డాం, కాబట్టి మీ బాధ తెలుసు. మీరు పళ్ళెం నుంచి డబ్బాలోకి ఒకే చోట ధారగా పోస్తుంటే డబ్బాలోనూ చిన్న కుప్ప లేస్తుంది, ఆటో ఎక్కకముందే కొంత విడిపోతుంది. ఎరువులదీ ఇదే కథ. యూరియా, పొటాష్ కలిపి చల్లేటప్పుడు గుళిక సైజులు తేడా ఉంటే పొలంలో ఒక పక్క ఒకటి, ఇంకో పక్క ఇంకొకటి ఎక్కువ పడతాయి.

కోనసీమ_వంటిల్లు | బుధవారం, సాయంత్రం 6.30

చేశానండీ! పాత ఊరగాయ సీసా, పసుపు బియ్యం. గరుకు కాగితం హార్డ్‌వేర్ కొట్లో తెచ్చి లోపల సగం చుట్టూ అంటించాను, మిగతా సగం చూడటానికి వదిలాను. మా అబ్బాయి తట్టాడు, నేను లెక్కపెట్టాను. వందకి పసుపు గీత మధ్యలో చిన్న గుబ్బలా లేచింది. మూడు వందలు దాటాక పైన తెల్ల బియ్యం మధ్య పసుపు చుక్క కనిపించింది. కాగితం అంటించిన వైపు పసుపు గింజలు కిందకి దిగుతున్నాయి, గాజు నున్నగా ఉన్న వైపు గీత దాదాపు కదల్లేదు. ఒకే సీసాలో రెండు వైపులా రెండు రకాలుగా!

గోలీ కూడా వేసి చూశాను. పైకి వచ్చింది, వచ్చాక ఎంత తట్టినా దిగలేదు. ఒక్కటే సైజు బియ్యంలో ఇంత తిరుగుడు ఉందని ఇన్నేళ్ళూ రోజూ బియ్యం డబ్బా తడుతూ కూడా గమనించలేదు.

గుంటూరు_లెక్చరర్ | బుధవారం, రాత్రి 8.00

అమ్మా, మీ ప్రయోగం చదివి నేనూ కూర్చున్నాను. రెండు గాజు పలకల మధ్య వేలెడు సందు వదిలి చదునైన పెట్టె చేశాను, ఒక పక్క గోడకి మాత్రమే గరుకు కాగితం. పసుపు బియ్యం గరుకు వైపు దిగి, నున్నటి వైపు లేచి, మొత్తం ఒకే చక్రంలా తిరిగింది. నిన్న నేను సందుల మాటొక్కటే చెప్పాను, అది చాలదు, ఒప్పుకుంటున్నాను.

అయితే మీ ఉప్పు కషాయం సంగతికి మాత్రం సందుల మాటే సరైనది. ఉప్పూ కారం పొడి బూందీ మధ్య ఖాళీలతో పోలిస్తే చాలా సన్నం. దానికి తిరుగుడు అక్కర్లేదు, జల్లెడలోంచి పిండి దిగినట్టు నేరుగా దిగిపోతుంది. కాబట్టి మీ డబ్బాలో రెండు పనులు ఒకేసారి జరుగుతున్నాయి. పొడి సందుల్లోంచి జారుతోంది, గుళ్ళు ప్రవాహంలో లేచి పైన చిక్కుకుంటున్నాయి.

మిర్యాలగూడ_మిల్లు | బుధవారం, రాత్రి 9.25

మరి మా డీస్టోనర్ సంగతి? రాయి కిందకి పోవడం నేను కళ్ళారా చూస్తున్నా కదా. ఇద్దరు సార్లూ దానికి జవాబు చెప్పలేదు.

ఇసుకరేణువు | గురువారం, ఉదయం 6.50

అన్నా, క్షమించండి, దానికి ముందే జవాబు రాయాల్సింది. మీరు చూసేదీ నిజమే. డీస్టోనర్‌లో పలక ఊగడంతో పాటు కింద నుంచి గాలి కొడుతుంది. రాయీ బియ్యమూ సైజులో దగ్గర దగ్గరగా ఉంటాయి, అందుకే జల్లెడ వాటిని విడదీయలేదు. గాలికి బియ్యం తేలినట్టై ఏటవాలు వెంట కిందకి జారతాయి. రాయి బరువుకి పలకకి ఆనుకునే ఉంటుంది, పలక ఒక్కో కుదుపులో దాన్ని ఎత్తు వైపుకి నెడుతుంది. మీ యంత్రంలో రాళ్ళు బయటపడే మూతి ఎత్తు వైపే ఉంటుంది, చూడండి.

గాలి చేరితే ఆట మారుతుంది అన్నది చాలా పాత సంగతి. 1831లో మైకేల్ ఫారడే కంపించే పలక మీద సన్నటి పొడి వేస్తే అది కుప్పలుగా లేచి లోపల తిరగడం గమనించి, దానికి గాలే కారణం అన్నాడు. సన్నటి పొడుల విషయంలో ఇప్పటికీ గాలి పెద్ద పాత్రధారి. 2001లో చికాగోవాళ్ళే పెద్ద బంతి బరువు మారుస్తూ చూశారు. గాలి ఉన్నప్పుడు బరువుని బట్టి లేచే వేగం మారింది, గాలి తీసేస్తే ఆ తేడా దాదాపు పోయింది. పెద్దదీ మరీ తేలికైనదీ అయితే పైకి రాకుండా కిందకి పోవడం కూడా ఉంది, 1998లో రట్గర్స్ విశ్వవిద్యాలయంవాళ్ళు చూపించారు. కాబట్టి "బరువైనది కిందకి" అన్నదీ నియమం కాదు, "పెద్దది పైకి" అన్నదీ నియమం కాదు. పాత్ర, గోడ, గాలి, ఎంత గట్టిగా కుదుపుతున్నాం, అన్నీ చూడాలి.

మిర్యాలగూడ_మిల్లు | గురువారం, ఉదయం 7.15

ఇప్పుడే వెళ్ళి చూసి వచ్చిన తమ్ముడూ. రాళ్ళ మూతి ఎత్తు వైపే ఉంది. పదేళ్ళుగా ఆ మూతి కింద డబ్బా నేనే మారుస్తున్నా, అటు ఎందుకు ఉందో ఇవాళ తెలిసింది. అమ్మా, వేయింపు మాట వెనక్కి తీసుకుంటున్నా.

సైట్_ఇంజనీర్_విజయవాడ | గురువారం, మధ్యాహ్నం 1.10

కాంక్రీట్ గురించి ఒక మాట. స్లాబు పోసేటప్పుడు వైబ్రేటర్ అవసరానికి మించి ఒకేచోట ఉంచితే మాకు మిక్చర్ డబ్బాకి తలకిందులుగా జరుగుతుంది. కంకర కిందకి దిగుతుంది, సిమెంటు పాలు పైకి తేలుతుంది, పై పొర బలహీనంగా మిగులుతుంది. తడి సిమెంటూ ఇసుకా వైబ్రేటర్‌కి ద్రవంలా మారతాయి కాబట్టి అక్కడ బరువైన కంకర మునుగుతుంది. పోసే ఎత్తు వల్ల కూడా విడిపోతుంది, అందుకే కాంక్రీట్ పనులకి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456లో 1.5 మీటర్ల కంటే ఎత్తు నుంచి పోయొద్దని ఉంది. పొలంగట్టు గారు చెప్పిన కుప్ప సంగతీ ఇదీ చుట్టాలే. మీరు కూడా డబ్బాలోకి ఎత్తు నుంచి పొయ్యకండి.

పొలంగట్టు | గురువారం, మధ్యాహ్నం 3.40

మా చేలల్లో ప్రతి ఏడూ రాళ్ళు ఏరుతాం, మళ్ళీ వస్తాయి. అదీ ఇదేనా?

గుంటూరు_లెక్చరర్ | గురువారం, సాయంత్రం 5.00

అది వేరు బాబూ. చలిదేశాల్లో నేలలోని నీరు గడ్డకట్టి, ఉబ్బి, రాళ్ళని పైకి నెడుతుంది. అనంతపురంలో నేల గడ్డకట్టదు. వాన పైమట్టిని కొట్టుకుపోవడం, నాగలి కింది రాళ్ళని తిరగేయడం, మీ దగ్గర పని చేసేవి ఇవి.

ఆకాశవీధి | గురువారం, రాత్రి 9.30

ఇటొకావా అనే చిన్న గ్రహశకలం గురించి ఎవరూ చెప్పలేదు! పొడవు అర కిలోమీటరు పైచిలుకు. 2005లో జపాన్ వారి హయబుసా నౌక దగ్గరికి వెళ్ళి ఫోటోలు తీసింది. కొన్నిచోట్ల పెద్ద పెద్ద బండలు, కొన్నిచోట్ల సన్నటి గులకరాళ్ళు మాత్రమే, ఎవరో వేరు చేసి పెట్టినట్టు. ఉల్కలు తగిలినప్పుడల్లా ఆ రాళ్ళకుప్ప కుదుపుకి లోనై, మన మిక్చర్ డబ్బాలాగే పెద్దవి పైకి వచ్చాయని ఒక వివరణ. ఇంకో వివరణ కూడా ఉంది: ఎగిరిన గులకరాయి బండ మీద పడితే ఎగిరి అవతలికి పోతుంది, గులకల మీద పడితే అక్కడే కూరుకుపోతుంది, అలా గులకలన్నీ ఒకచోట చేరాయని. నాకు రెండోదే బాగా నచ్చింది, ఎందుకంటే అక్కడ భూమి మీదలా గోడలు లేవు, ఆకర్షణ మరీ తక్కువ.

టాబ్లెట్_క్యూసీ | శుక్రవారం, ఉదయం 10.20

అక్కా, నేను హైదరాబాద్‌లో మాత్రలు తయారుచేసే చోట క్వాలిటీలో పని చేస్తున్నాను. మీ సమస్యే మాకూ ఉంది, కాకపోతే మా దగ్గర అడుగున పొడి చేరితే ఒక మాత్రలో మందు ఎక్కువ, ఇంకో మాత్రలో తక్కువ అవుతుంది. అందుకని ఈ విషయంలో చాలా టెన్షన్ పడి చాలా నేర్చుకున్నాం. మీకు పనికొచ్చేవి చెప్తాను.

మొట్టమొదట, పొడిని విడిగా ఉండనివ్వకండి. మేం మందు పొడినీ మిగతా పొడులనీ కొంచెం తడిపి, గుళికలుగా అంటించి, ఆరబెట్టి, అప్పుడు మాత్రలుగా నొక్కుతాం. అంటుకున్న పొడి జారదు. మీరు ఉప్పుకారం ఎప్పుడు కలుపుతున్నారు? అన్నీ చల్లారాక పైన చల్లితే అది సందుల్లోంచి దిగిపోతుంది. బూందీ, గుళ్ళు మూకుడులోంచి తీసిన వేడి మీద, నూనె తడి ఆరకముందే చల్లి కలపండి, గింజకి పట్టుకుంటుంది.

రెండోది చాలా ముఖ్యం. డబ్బాలో పైన ఖాళీ ఎంత ఉంది? ఖాళీ ఉంటేనే సరుకు ఎగురుతుంది, ఎగిరితేనే ఈ తిరుగుడు. అంచు దాకా నింపి, పైన మందపాటి కాగితం మడతలు పెట్టి, మూత వేస్తే నొక్కుకునేలా చెయ్యండి.

ఇంకా కారప్పూసని కొంచెం లావు చిల్లులతో వత్తి, విరిగిన తుంపుల్ని ముందే జల్లించి తీసేస్తే సైజుల తేడా తగ్గుతుంది. వీలైతే పావుకిలో పొట్లాలు మీ దగ్గరే కట్టి పంపండి, అప్పుడు ఏ పొట్లంలో ఏముందో మీ చేతిలోనే ఉంటుంది.

గుంటూరు_లెక్చరర్ | శుక్రవారం, ఉదయం 11.45

ఖాళీ గురించి ఈ అబ్బాయి చెప్పింది బంగారంలాంటి మాట. 1885లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ చెప్పిన సూత్రం ఇది. బిగుతుగా సర్దుకున్న గింజలు ఒకదాని మీదుగా ఒకటి జరగాలంటే ముందు ఆ మొత్తం కాస్త ఉబ్బాలి. ఉబ్బడానికి చోటు ఇవ్వకపోతే కదలవు. మీకు ఓడలరేవు దగ్గరే కదా అమ్మా, ఈసారి వెళ్ళినప్పుడు నీళ్ళు వెనక్కి పోయిన తడి ఇసుక మీద గట్టిగా అడుగు వెయ్యండి. పాదం చుట్టూ ఇసుక ఒక్కసారిగా పొడిబారినట్టు అవుతుంది. తొక్కిడికి ఇసుక రేణువులు కదిలి ఉబ్బాయి, పెరిగిన ఖాళీల్లోకి పైనున్న నీరు దిగిపోయింది. కాబట్టి డబ్బా నింపాక నాలుగు దెబ్బలు తట్టి కుదించి, మళ్ళీ పోసి, అప్పుడు మూత బిగించండి.

నానమ్మ_చేట | శుక్రవారం, రాత్రి 7.30

ఒక సందేహం. గోడల వల్లే ఇదంతా అయితే చేటకి చుట్టూ గోడ లేదు కదా, ముందు వైపు తెరిచే ఉంటుంది. మరి మెరికలు ఎలా తేలుతున్నాయి?

ఇసుకరేణువు | శుక్రవారం, రాత్రి 9.00

చేటలో సరుకు మందం రెండు మూడు అంగుళాలే, ఊపు పక్కలకి. అక్కడ గోడ ప్రవాహం పాత్ర తక్కువ, మాష్టారు మొదట చెప్పిన సందుల పద్ధతే ఎక్కువ. పొరలు ఒకదాని మీద ఒకటి జారుతుంటే చిన్నవి కింది పొరలోకి దిగుతాయి, పెద్దవి పైకి నెట్టుకుపోతాయి. పాత్ర ఆకారం ఎంత ముఖ్యమో చూడాలంటే మూతి మూసిన పెద్ద గరాటులో పసుపు బియ్యం వేసి తట్టండి. గోడలు బయటికి వాలి ఉంటే తిరుగుడు తలకిందులవుతుంది. గోడల వెంట పైకి లేచి, మధ్యలో కిందకి దిగుతుంది. చికాగోవాళ్ళు ఇది కూడా చేసి చూశారు.

గింజల గుట్ట లోపల ఏం జరుగుతోందో బయటినుంచి కనబడదు కదా, దానికి వాళ్ళు 1995లో ఎమ్మారై యంత్రం వాడారు. అందులో పెట్టిన గింజలు ఏమిటో తెలుసా? గసగసాలు. వాటి లోపలి నూనెని ఎమ్మారై చూడగలదు, గాజు పూసల్ని చూడలేదు. నేను ఈ రంగంలోకి రావడానికి ఆ బొమ్మలే కారణం.

కోనసీమ_వంటిల్లు | ఆ తర్వాతి గురువారం, రాత్రి 8.40

అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. మీరు చెప్పినవన్నీ ఒకేసారి చెయ్యకుండా, ఏది పని చేసిందో తెలియాలని రెండు డబ్బాలు తయారుచేశాను. రెండిట్లోనూ ఉప్పుకారం వేడి మీదే పట్టించాను. ఒక డబ్బా పాతలాగే నాలుగు వేళ్ళ ఖాళీ వదిలి మూత పెట్టాను. రెండోది తట్టి కుదించి, అంచు దాకా నింపి, కాగితం మడతలు పెట్టి బిగించాను. నేనూ అదే ఆటోలో కాకినాడ వెళ్ళాను.

కొట్టాయన ముందే రెండూ తెరిచాం. ఖాళీ వదిలిన డబ్బాలో పైన గుళ్ళు చేరాయి, అడుగున కారప్పూస తుంపులు ఉన్నాయి, కానీ ఉప్పు అడుగుకి దిగలేదు. నిండుగా బిగించిన డబ్బా పై నుంచి అడుగు దాకా గరిటెతో తీసి చూపించాను, కలిపినట్టే ఉంది. తర్వాత ఊరగాయ సీసా బల్ల మీద పెట్టి, గోలీ అడుగున వేసి, ఆయన్నే తట్టమన్నాను. గోలీ పైకి తేలేదాకా ఆయన ఏమీ మాట్లాడలేదు. తేలాక, "ఆ రోజు ఫోన్‌లో అలా అనకుండా ఉండాల్సిందమ్మా" అన్నారు. నాకు ఆ మాట చాలు. రెండు డబ్బాలూ ఉంచేసుకున్నారు.

జీడిపప్పు ఒక్కటి మాత్రం అర్థం కాలేదు. ఖాళీ వదిలిన డబ్బాలో కొన్ని పైకి వచ్చాయి, కొన్ని మధ్యలోనే ఉండిపోయాయి. గుళ్ళలా అన్నీ రాలేదు.

గుంటూరు_లెక్చరర్ | గురువారం, రాత్రి 9.35

చదివి కళ్ళు చెమర్చాయమ్మా. జీడిపప్పుకి ఆకారమే కారణమై ఉంటుందని నా ఆలోచన. 2021లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో బ్రెజిల్ నట్స్, వేరుశనగ గుళ్ళు ఒక పెట్టెలో పోసి, ఊపుతూ మధ్యమధ్యలో ఎక్స్‌రేలతో లోపలి బొమ్మలు తీశారు. అడ్డంగా పడుకున్న పొడవాటి నట్ అలాగే పైకి రాలేదు. ముందు పక్కవాటి తాకిడికి మెల్లగా నిలువు వైపు తిరిగింది, ఆ తర్వాతే లేచింది. 70 ఊపులకి ఒకటి పైకి చేరింది, 150కి ఇంకో రెండు. మిగతావి అడుగు వైపే చిక్కుకుపోయాయి. మీ జీడిపప్పు వంకర తిరిగి ఉంటుంది, గుండు ఒకలా బద్ద ఒకలా, ఎటు తిరిగి పడిందో దాన్ని బట్టి కొన్ని లేస్తాయి, కొన్ని ఆగిపోతాయి.

కోనసీమ_వంటిల్లు | గురువారం, రాత్రి 9.50

అర్థమైంది మాష్టారూ. ఇంకొక్కటి అడుగుతాను, విసుక్కోకండి. డబ్బా అక్కడికి చేరాక కొట్టాయన దాన్ని అడ్డంగా పడుకోబెట్టి నాలుగుసార్లు దొర్లిస్తే మళ్ళీ కలుస్తుందా? ఆయనే అడిగారు.

ఇసుకరేణువు | గురువారం, రాత్రి 10.30

వద్దని చెప్పండి అక్కా. సైజులు తేడా ఉన్న గింజల్ని అడ్డంగా ఉన్న డ్రమ్ములో తిప్పితే చిన్నవి నడుమ చేరతాయి, పెద్దవి చుట్టూ చేరతాయి. ఇంకా ఎక్కువసేపు తిప్పితే పొడవునా పట్టీలు పట్టీలుగా విడిపోతాయి. ఇది 1939లోనే జపాన్‌లో ఒయామా అనే ఆయన చూపించారు. దొర్లించడానికి బదులు వెడల్పాటి పళ్ళెంలో పలచగా పరిచి, చేత్తో కలిపి, పై నుంచి అడుగు దాకా గరిటెతో తీసి పొట్లం కట్టమనండి.

కోనసీమ_వంటిల్లు | గురువారం, రాత్రి 10.40

అలాగే చెప్తాను తమ్ముడూ. శనివారం ఇంకో మూడు డబ్బాలు వెళ్తున్నాయి, మూడూ అంచు దాకా నింపే పంపుతున్నాను.